రుసైల్‌లో కొండదేశపు కోలాటం

నాట్యం అనదగిన పని నా జీవితంలో ఒక్కసారే చేశాను. అరవై నాలుగో ఏట, రుసైల్ పారిశ్రామికవాడలోని ఒక పైపుల కర్మాగారం పార్కింగులో, నూటపది మంది కార్మికుల ఎదుట, చేతిలో పీవీసీ పైపు ముక్కతో. నా పూర్వ విద్యార్థులెవరైనా ఇది చదివితే నమ్మరు. వారి అపనమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అయినా జరిగినదాన్ని జరిగిన వరుసలో చెప్పడం నా అలవాటు కనుక చెబుతున్నాను.

చరిత్రలో ఎం.ఏ. చేసి హనుమకొండలో పన్నెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ తరువాత ఒమన్ వచ్చి ఈ కర్మాగారంలో భద్రతాధికారిగా స్థిరపడ్డాను. పిల్లలకు బదులు పెద్దవాళ్లు, సుద్దముక్కకు బదులు ఈల. అంతకు మించి తేడా కనిపించలేదు. నా ఈలకు ఒక చట్టం ఉంది. రెండు పొట్టి ఈలలు వినబడితే యంత్రాలు ఆపాలి. ఒక్క పొడుగు ఈల వినబడితే ఉన్నవాళ్లు ఉన్నట్టు బయటికి నడిచి, పార్కింగులో పసుపు గీతలతో నేను దగ్గరుండి గీయించిన చతురస్రం చుట్టూ నాలుగు వైపులా వరుసల్లో నిలబడాలి. పరుగెత్తకూడదు. మాట్లాడకూడదు. తలల లెక్క పూర్తయి, నేను మూడు షెడ్లూ తిరిగి చూసి, రిజిస్టరులో సంతకం పెట్టేదాకా ఒక్కరు కూడా లోపలికి అడుగు పెట్టకూడదు. ఈ నియమం మేనేజరు గారికి సైతం వర్తిస్తుంది. దాని అడుగున ఆమోద సంతకం చేసినది ఆయనే.

ఆ మేనేజరు గారి సంగతే నేను చెప్పబోయేది. ఆయన అమెరికా తూర్పు కొండల మనిషి. నాకంటే రెండేళ్లు పెద్ద. పదహారేళ్లు మాతో పనిచేసి, ఆ గురువారం పదవీ విరమణ పొంది, అదే సాయంత్రం ఎనిమిది గంటలకు భార్యతో కలిసి విమానాశ్రయానికి బయలుదేరవలసి ఉంది. ఆదివారం పొద్దున నన్ను పిలిచి, తలుపు వేసి, నేరం ఒప్పుకుంటున్నవాడిలా మాట్లాడారు.

"మీరు చరిత్ర చదివారు. మా వాళ్లు స్కాట్స్-ఐరిష్‌లు. మా కొండల్లో ఒక నాట్యం ఉంది. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడతాయి. ఒకడు పక్కన నిలబడి తరువాత ఏం చేయాలో అరుస్తాడు. మా ఆవిడను నేను మొదటిసారి చూసింది అలాంటి చతురస్రంలోనే. ఆమె నాకు ఎదురు జంటలో, వేరొకడి పక్కన ఉంది. ఆట ముగిసేసరికి నా పక్కన ఉంది."

"అభినందనలు," అన్నాను.

"గల్ఫ్‌కు వచ్చాక ఒక్కసారి కూడా ఆడలేదు. ఎనిమిది మంది కుదిరితే అరిచేవాడు ఉండడు. అరిచేవాడిని నేనే అయితే ఆమెకు జంట ఉండదు. వచ్చే వారం నా మోకాలు కోసి లోహపు మోకాలు పెడుతున్నారు. నడవగలను అంటున్నారు, గింగిరాలు తిప్పగలనని మాత్రం ఎవరూ హామీ ఇవ్వడం లేదు. గురువారం వీడ్కోలు సభలో ఒక్క ఆట. పది నిమిషాలు. ఈ రుసైల్ మొత్తంలో ఎందుకు అని అడగకుండా వందమంది ఎవరి మాట వింటారో నాకు తెలుసు. అందుకే మిమ్మల్ని పిలిచాను."

నేను నాట్యాన్ని ఆ రోజు వరకు క్రమశిక్షణకు శత్రువుగానే భావించాను. అయితే ఒకడు ఆజ్ఞాపిస్తే ఎనిమిది మంది తు.చ. తప్పక పాటించే నాట్యం ఉన్నదన్న వార్త నన్ను లోలోపల కుదిపింది. ఆలోచించి చెబుతానన్నాను. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, సరేనన్నాను.

ఏ పనికైనా ముందు దాని చరిత్ర తెలియాలి. మేనేజరు దంపతులు కాక మూడు జంటలు కావాలి గనుక ముగ్గురు మగవాళ్లను ఎంపిక చేశాను: జగిత్యాల ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు, నిర్మల్ మెషిన్ ఆపరేటరు, క్యాంపు వంటవాడు. ముగ్గురూ ఊళ్లో కోలాటం ఆడినవాళ్లే. సోమవారం డ్యూటీ అయ్యాక క్యాంటీన్‌లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. చూడటానికి మరో నలభై మంది చేరారు.

స్కాట్లాండు దిగువ నేలల్లోని రైతులు సముద్రం దాటి ఐర్లండు ఉత్తరాన అల్‌స్టర్‌లో కౌలు భూముల మీద స్థిరపడ్డారని చెప్పాను. కొన్ని తరాలు గడిచాయి. కౌళ్లు పెరిగాయి, పంటలు పోయాయి, రాజుగారి చర్చికి చెందనివాళ్లు కనుక కొలువులు దక్కలేదు. మళ్లీ ఓడలెక్కి అమెరికా వెళ్లారు. తీరంలో మంచి భూములు అప్పటికే నిండిపోయాయి కాబట్టి కొండల్లోకి పోయారు. ఆ కొండలు అంతకుముందే వేరేవాళ్లవి, అది మరొక పాఠం అని కూడా చెప్పాను.

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు చెయ్యెత్తాడు. "సారూ, మా తాత భీవండి పోయిండు మగ్గాలు నడపనీకి. మా నాయిన బొంబాయి. నేను మస్కట్. గట్లనేనా?"

"దాదాపు అంతే."

"మరి ఆళ్లను ఏమని పిలిచిన్రు?"

"ఐర్లండులో స్కాట్లాండువాళ్లు అన్నారు. అమెరికా చేరాక ఐర్లండువాళ్లు అన్నారు."

క్యాంటీన్ అంతా గొల్లుమంది. "మమ్ముల సూడున్రి సారూ! మస్కట్ల పన్నెండేండ్లున్నా ఊర్ల దుబాయోడనే అంటరు. దుబాయ్ నేను ఇమానం కిటికీలకెల్లి సుత సూడలే!" అన్నాడు వెనక బల్ల మీది నుంచి ఒకడు.

అల్‌స్టర్‌లో ఊరూరా తిరిగి నాట్యం నేర్పే గురువులుండేవారని, కొండల్లో గురువులు కరువై, ఆట మరిచిపోకుండా పక్కన ఒకరు నిలబడి అరిచే పద్ధతి బలపడిందని, దానికి ఒక తీరు తెచ్చినవాళ్లలో అక్కడి నల్లజాతి వాయిద్యకారులు ముఖ్యులని చెబుతూ ఉండగా, నిర్మల్ ఆపరేటరు తీర్పు ఇచ్చేశాడు: "అంటే కోలాటం గురువే. ఈలొక్కటి తక్కువ."

ఈల ప్రసక్తి రాగానే నా ముఖం మారింది. "ఈల భద్రతకు మాత్రమే," అన్నాను. ఆ మాట తరువాత నాలుగు రోజులు నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

మంగళవారం స్త్రీలు వచ్చారు. మేనేజరు గారి ఇంట్లో పనిచేసే కడప ఆమె, మబేలాలో మరొక ఇంట్లో పనిచేసే ఆమె స్నేహితురాలు గోదావరి ఆవిడ, మూడవది నా భార్య. నా భార్యను నేను పిలవలేదు. తానే వచ్చి వరుసలో నిలబడింది. మేనేజరు దంపతుల స్థానంలో రెండు కుర్చీలు పెట్టాను. వాళ్లకు తెలుగు ఆజ్ఞల జాబితాను ఇంగ్లీషు అర్థాలతో ముందే పంపాను. తొమ్మిది పేజీల నిబంధనావళి తెరిచి, మొదటి ఆజ్ఞ ఇచ్చాను.

"చేతులు పట్టుకోండి. చక్రం ఎడమకు."

ఎవరూ కదలలేదు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు సీలింగు ఫ్యాన్‌ను పరీక్షిస్తున్నాడు. వంటవాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"సారూ, అక్క చెయ్యి పట్టుకునుడా?" అన్నాడు డ్రైవరు, ఫ్యాన్‌తోనే.

"నువ్వు పట్టుకుంటానంటే నేను పట్టుకోనిస్తానా ఏందబ్బా?" అంది కడప ఆమె. "మా ఇంటాయన వీడియో కాల్ చేస్తాడు. నా చెయ్యి ఎవురి చేతిలో ఉందో చూసినాడంటే అన్నం తినడం మానేస్తాడు."

"మానేస్తే మంచిదే కదండీ," అంది గోదావరి ఆవిడ. "పొట్ట పెరిగిపోయిందని మొన్ననేగా మీరు గోలెట్టారు."

నా భార్య నా చేతిలోని కాగితాల వైపు చూసింది. "తొమ్మిది పేజీలు రాశారు. చేతుల గురించి ఒక్క ముక్క ఆలోచించలేదు."

నిజమే. చతురస్రానికి ఒక్కొక్క భుజం ఎంత ఉండాలో రాశాను. మలుపుకు ఎన్ని అడుగులో రాశాను. మన మనుషులు పరాయి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోరన్న సంగతి, ఇంతకాలం వాళ్ల మధ్యనే బతికినవాణ్ణి, రాయలేదు. ఆ క్షణంలో మేనేజరు గారి పది నిమిషాలు గాలిలో కలిసిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

కడప ఆమె కొంగు బిగించింది. "ఇంత మాత్రానికి ఎందుకు సార్ అట్ల చూస్తారు? కోలలు పెట్టండి. చెయ్యీ చెయ్యీ కాదు, నడుమ కోల. ఒక కొస నాది, ఒక కొస ఆయప్పది. కోలకు మానం పోతాదా?"

పైపుల కర్మాగారంలో కోలలకు కొదవేమిటి! నిర్మల్ ఆపరేటరు తుక్కు కుప్పలోంచి సన్నపాటి పైపు తెచ్చి ఎనిమిది ముక్కలు కోశాడు. నేను టేపు పెట్టి కొలిచాను. ఒకటి వేలెడు ఎక్కువ వచ్చింది. తిరస్కరించాను. మళ్లీ కోశాడు. కొసలు గరుకుగా ఉన్నాయి. తిరస్కరించాను. "సారూ, ఇది వాటర్ ట్యాంకుకు కాదు, ఆటకు," అని మొత్తుకుంటూ ఆకురాయితో నునుపు చేశాడు.

ఆ తరువాత జరిగినది నా నిబంధనావళిలో లేదు. ఒక్కొక్కరి మధ్య ఒక్కొక్క కోల ఉండేసరికి చక్రం అడుగున బేరింగులు అమర్చినట్టు తిరిగింది. ఎదురు జంటలు వంతెన కింద దూరేటప్పుడు కోలలు వాటంతట అవే ఎత్తుకు లేచాయి. జంటను తిప్పవలసిన చోట ఆ ఇద్దరూ ఒకే కోల రెండు కొసలు పట్టుకొని గిర్రున తిరిగారు. ఆగవలసిన చోట ఠక్కున కొట్టారు. ఆ ఠక్కు స్కాట్లాండులో లేదు, అల్‌స్టర్‌లో లేదు, అమెరికా కొండల్లో లేదు. నేను దాన్ని నిషేధించాలనే నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట "మళ్లీ!" అన్నది.

బుధవారం సాయంత్రానికి క్యాంటీన్ చుట్టూ గుంపు పెరిగింది. ఆడేవాళ్లు ఆరుగురే, ఆజ్ఞలు మాత్రం వందమందికీ కంఠస్థం. పైపు లోడ్ చేస్తూ ఒకడు "ఎదురు జంట వంతెన!" అంటే, రెండో షెడ్డులోంచి మరొకడు "దూరి బయటికి!" అని పూర్తి చేసేవాడు. పనివేళల్లో అరుపులు నిషిద్ధమని నోటీసు అంటించాను. నోటీసు కింద ఎవరో చాక్‌పీసుతో చతురస్రం గీశారు. గీతలు తిన్నగా ఉన్నాయి గనుక చెరిపించలేదు.

గురువారం సాయంత్రం. ఉపన్యాసాలు అయ్యాయి, బిర్యానీ అయింది. ఏడు గంటలకు మేనేజరు గారు భార్య చెయ్యి పట్టుకొని క్యాంటీన్ మధ్యకు వచ్చారు. మేడమ్ గారు సాదాసీదా నీలం గౌను వేసుకున్నారు. కోలను చూసి "ఇదేమిటి?" అన్నారు. కడప ఆమె తమ ఇంటి ఇంగ్లీషులో, "మేడమ్, యూ హోల్డ్, ఐ హోల్డ్, నో టచ్, ఫుల్ డాన్స్," అని వివరించింది. మేడమ్ గారికి అర్థమై పకపకా నవ్వారు.

స్పీకరులో ఫిడేలు మొదలైంది. దానితోపాటే నూటపది మంది ఈలలు, చప్పట్లు, కేకలు. నేను "జంటకు నమస్కారం!" అని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. మేనేజరు గారు ఎడమకు, వంటవాడు కుడికి, గోదావరి ఆవిడ ఎవరి వంతెన కిందో దూరి ఎవరి వెనకో తేలింది. నిమిషంలో ఆ చతురస్రం జడలో చిక్కిన దువ్వెనలా అయింది. మేనేజరు గారు తన భార్య ఎక్కడుందో వెతుకుతూ ఒంటికాలి మీద తిరుగుతున్నారు. ఆ ముఖం చూశాను. పదహారేళ్లు ఎదురుచూసిన పది నిమిషాలు ఇట్లా ముగుస్తాయా అనిపించింది. నా చెయ్యి దాని అలవాటు చొప్పున మెడలోకి వెళ్లింది.

ఈల ఊదాను. పొడుగ్గా.

ఫిడేలు తప్ప అన్నీ ఆగిపోయాయి. మరుక్షణం నూటపది మంది లేచి, పరుగెత్తకుండా, మాట్లాడకుండా, వరుసగా తలుపు వైపు నడిచారు. నా శిక్షణ అంత గొప్పది. నేను "ఆగండి!" అనలేదు. పొడుగు ఈల తరువాత ఆగమని ఎవరు చెప్పినా వినవద్దని నేర్పింది నేనే. నర్తకులు కోలలతోనే నడిచారు. మేనేజరు గారు భార్య భుజం పట్టుకొని వాళ్ల వెనక కుంటుతూ నడిచారు. అందరికంటే చివర వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు మెయిన్ స్విచ్ ఆపి వచ్చాడు. అది అతని బాధ్యత. ఫిడేలు కూడా ఆగింది.

పార్కింగు దీపాల కింద పసుపు చతురస్రానికి నాలుగు వైపులా వరుస వెనక వరుస. ఇంత చక్కని డ్రిల్లు నా ఉద్యోగంలో చూడలేదు. నాకు ఏడవాలనిపించింది.

తలల లెక్క చూశాను. సరిపోయింది. గడియారం చూశాను. ఏడూ పదిహేను. మూడు షెడ్లు తిరిగి సంతకం పెట్టడానికి ఎంత త్వరపడినా ముప్పావుగంట పడుతుంది. ఎనిమిదికి కారు.

"సారూ, ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టున్రి," అన్నాడు వంటవాడు గుసగుసగా.

నేను మేనేజరు గారి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నియమం నియమమే. సంతకం నాది," అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు. మేడమ్ గారు ఆయన మోకాలి వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

వరుసల మధ్య నిశ్శబ్దంగా, ఖాళీగా పడి ఉన్న పసుపు చతురస్రం వైపు నా కళ్లు వెళ్లాయి. ఒక్కొక్క భుజం పన్నెండు అడుగులు. నేను రాసిన కొలతే. భవనాల్లోకి వెళ్లకూడదని నియమం చెబుతుంది. ఇక్కడ ఏమి చేయకూడదో రెండే చెబుతుంది.

"పరుగెత్తకూడదు, మాట్లాడకూడదు," అన్నాను పైకి. "మూడో నిషేధం లేదు."

అందరికంటే ముందు అందుకున్నది ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరే. "సారూ, ఆడుడు ఉరుకుడు కాదు గదా?"

"కాదు," అని తీర్పు చెప్పాను.

"పాట పాడితే మాటాడినట్టు కాదు కదండీ?" అంది గోదావరి ఆవిడ.

"కానే కాదు."

సహం ఊరివాడైన మా ఒమనీ సూపర్‌వైజరు వరుసలోంచే చెయ్యెత్తాడు. "మ్యూజిక్ నహీ? కోయీ ముష్కిల్ నహీ, ఉస్తాద్!" అంటూ తెల్లని దుస్తుల చేతులు పైకి మడిచి, గోడ పక్కనున్న ఖాళీ ప్లాస్టిక్ పీపాను ఒళ్లోకి లాక్కుని వాయించసాగాడు. వాళ్ల ఊరి పెళ్లి డప్పు దరువు అది. గోదావరి ఆవిడ కోలాటం పాట ఎత్తుకుంది. ఫిడేలు లేని ఆ ఆట ఏ దేశపు ఆటో ఆ సమయంలో చరిత్ర పట్టభద్రుణ్ణయిన నేను సైతం చెప్పలేకపోయాను.

"జంటకు నమస్కారం!" అన్నాను. ఆ ఆవరణలో నా గొంతుకు ఎదురు లేదు. అది తలలు లెక్కపెట్టే గొంతు. "చక్రం ఎడమకు! చక్రం కుడికి! ఎదురు జంట వంతెన!" కోలలు లేచాయి. మేనేజరు గారు వంగి దూరారు. లేచేసరికి ఎదురుగా మేడమ్ గారు. "జంట తిప్పు!" ఇద్దరూ ఒకే పైపు ముక్క పట్టుకొని, మోకాలు మాట వినని చోట ఆమె ఆయనను తిప్పారు. మాట విన్న చోట ఆయన ఆమెను తిప్పారు. ఠక్! ఠక్! నీలం గౌను గొడుగులా విచ్చుకుంది.

అంతలో వంటవాడు ఆట మధ్యలోంచి బయటికి వచ్చి, తన చేతి కోల నా అరచేతిలో పెట్టాడు. "సారూ, మీ జంట మీరు సూసుకోన్రి. నాకు పెద్దమ్మతోటి భయమైతుంది."

రెండో కొస పట్టుకొని నా భార్య నిలబడి ఉంది.

"ఆజ్ఞలు ఎవరిస్తారు?" అన్నాను. సమంజసమైన ప్రశ్న.

జవాబు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. "చక్రం ఎడమకు!" నూరు గొంతులు, ఒక్క అక్షరం ముందువెనకలు కాకుండా. నేను పాటించాను. మరి ఏం చేయగలను? "ఎదురు జంట వంతెన!" వంగాను. "దూరి బయటికి!" దూరాను. ఎవరో "సారు నడుము వంచిండు రోయ్!" అని అరిచారు. మాట్లాడకూడదన్న నియమం అక్కడ పూర్తిగా భంగమైంది. నాకు ఊపిరి లేదు కాబట్టి మందలించలేదు. "జంట తిప్పు!" నలభై ఏళ్ల కాపురంలో నేను నా భార్యను తిప్పలేదు. ఆమె నన్ను తిప్పింది. దీపాలు, వరుసలు, పసుపు గీతలు, పీపా, అన్నీ గిర్రున తిరిగాయి. ఆ తిరుగుడులో ఒక విచిత్రమైన, ఎవరో ముసలివాడు పిచ్చిగా నవ్వుతున్న చప్పుడు వినిపించింది. అది నాదేనని మా ఆవిడ తరువాత ధ్రువీకరించింది.

ఎనిమిదింటికి కారు హారన్ కొట్టింది. మేనేజరు గారు చెమటలు కక్కుతూ, ఎర్రబడిన ముఖంతో, కుంటుతూ వెళ్లి కూర్చున్నారు. మేడమ్ గారు కోల వెనక్కి ఇవ్వబోయారు. అది తుక్కు సామాను కనుక తీసుకెళ్లవచ్చని అనుమతించాను. ఆమె కారు కిటికీ మీద దానితో ఠక్కుమని కొట్టారు.

కారు వెళ్లాక షెడ్లు తిరిగి చూసి రిజిస్టరు నింపాను. "కారణం" అన్న గడిలో "నాట్యం" అని రాశాను. మరో మాట దొరకలేదు.

నాలుగు నెలల తరువాత కడప ఆమె ఫోనుకు ఒక వీడియో వచ్చింది. కొండల్లో ఏదో ఊరి హాలు. మేనేజరు గారు కొత్త మోకాలు చాపుకొని కుర్చీలో కూర్చొని ఆజ్ఞలు అరుస్తున్నారు. నాలుగు జంటలు, నడుమ తెల్ల పైపు ముక్కలు. మేడమ్ గారు మనవడిని తిప్పుతున్నారు. ఠక్! చివర్లో ఒక తెల్లగడ్డం పెద్దమనిషి కెమెరా వైపు తిరిగి గర్వంగా ఏదో చెప్పాడు. నేను రెండుసార్లు విన్నాను. ఈ కోలల పద్ధతి చాలా పాతదట, వాళ్ల ముత్తాతలు అల్‌స్టర్ నుంచి ఓడలో తెచ్చారట.

చరిత్ర ఉపాధ్యాయుడిగా నా విధి నాకు తెలుసు. ఆ రాత్రే కాగితం తీసి, తేదీ వేసి, ఆధారాలతో సహా ఒకటిన్నర పేజీ సవరణ లేఖ రాశాను. కడప ఆమె దాన్ని చదివి, "ఉండనీలెండి సార్, మనోళ్లే కదా" అంది.

లేఖ నా సొరుగులో ఉంది. మడత మాత్రం సరిగ్గానే పెట్టాను.